జత కాని చెక్కలు

తాళ్ళరేవులో పడవలు కట్టే చోట నా పాక.
ఏడు గంటలకే ఎండ గట్టెక్కింది.
చింతలూరి వకుళగారు రుమాలు విప్పి
రెండు చెక్కముక్కలు బల్ల మీద పెట్టారు.

"రివాల్వరు పిడండీ, ఆయ్. ఇనుం లేదు.
తాతగారు పోయాక లైసెన్సు మార్పించలేదని
స్టేషన్లో అప్పజెప్పమన్నారు.
ముందురోజు రాత్రి వంటింట్లో కూర్చుని
మర విప్పి ఇవి దాచేశాను.
రసీదులో తుపాకీ అనే రాశారు,
చెక్కలున్నాయా అని ఒక్కడూ అడగలేదు.
ఏ కాలానివో, ఎంత చేస్తాయో చెప్పండి."

నేను పడవల వడ్రంగిని. తుపాకీ ఎన్నడూ పట్టలేదు.
కర్రయితే పట్టుకోగానే తెలుస్తుంది.

యానాం వాచీలాయన ఇచ్చిన భూతద్దం
కంట్లో ఇరికించుకున్నాను.

ఎడమది అక్రోటు.
మన నేల మీద మొలిచింది కాదు.
ముదురు పాకం రంగు, అందులో పొగ సాగినట్టు ఈనెలు.
అంగుళానికి ఇరవై గీతలు,
గీతా గీతా కోసుకున్న చోట ఆవగింజంత గళ్ళు.
మధ్యలో గళ్ళే లేవు,
పాత గడపలా నున్నగా పల్లం పడింది.
నా బొటనవేలు పెట్టి చూశాను, సరిపోలేదు.
ఆమె పెట్టారు, సరిపోలేదు.
"తాతగారిది ఇంకా లావు వేలండి" అన్నారు.
అంటే ఆయన చేతికి రాకముందే
ఎవడో దొర, పేరు లేనివాడు,
ఏళ్ళ తరబడి దీన్ని పట్టుకు తిరిగాడు.
లోపలి వైపు పెన్సిల్‌తో అంకె, చివర నలభై ఏడు.
ఇనుం మీదా అదే ఉంటే ధర వేరు.
ఇనుం మాల్‌ఖానాలో తుప్పు తింటోంది.

కుడిది తిప్పాను.
నల్లతుమ్మ చేవ.
పడవ పక్కటెముకలకి మేం వేసేదే.
గళ్ళు పైన బుద్ధిగా ఉన్నాయి,
కిందికొచ్చేసరికి వరస తప్పి
చిరిగిన చాప అంచులా అయ్యాయి.
లోపల ఉలితో ౪౭.
పక్కన మూడు గాట్లు.

కాసేపు భూతద్దం తియ్యలేదు.

ప్రతి పడవ అడుగునా, నీళ్ళకి తప్ప
ఎవరికీ కనపడని చోట
మా తాత అప్పలాచారి పెట్టే గాట్లవి.
కాలం చెప్పడానికి ఇంకేం కావాలి?
ఆయన చూపు మసకేస్తూ, ఇంకా
ఎవరికీ చెప్పుకోని రెండేళ్ళలో చేసింది.

"దొంగని కాల్చాక పిడి పగిలిందండి.
ఉప్పు కొఠారు దగ్గర, చీకట్లో.
ఇంట్లో అందరికీ తెలిసిన కథే."

తుమ్మచెక్క అడుగు అంచున
గుండ్రటి నొక్కులు, పదకొండు లెక్కపెట్టాను.
మేకు తల ఎంతో నొక్కు అంత.
చెప్పాలా వద్దా అని
గెడ్డం గోక్కున్నాను. చెప్పేశాను.
"ఉప్పు ఇనస్పెక్టరుగారు దీంతో మేకులు కొట్టేవారమ్మా.
మొదటి చెక్కా అలాగే పగిలుంటుంది."

కోప్పడతారనుకున్నాను.
"మా అమ్మ ఉయ్యాల కొక్కెం!" అని
నోటికి కొంగు అడ్డం పెట్టుకుని
కళ్ళు తడిసేదాకా నవ్వారు.

కాకినాడ పాతసామాన్ల మస్తాన్‌కి ఫోన్ చేశాను.
"జతయితే ఎనిమిది వేలు.
ఒంటిదయితే రెండు.
ఆ తుమ్మది పొయ్యిలో పెట్టు."

"ఉప్పుకాగితం మాత్రం ముట్టించకండి" అన్నాను,
"మెరుపొస్తుంది, వయసు పోతుంది.
వార్నిష్ వద్దు. ఏడాదికోసారి
చుక్క అవిసె నూనె, గుడ్డతో."

అక్రోటు చెక్క రుమాల్లో చుట్టుకున్నారు.
"పంపు మోటారు కాలిపోయింది, రెండు వేలూ రెండు వేలే.
ఇది మీ తాతగారి చెయ్యి కదా, ఉంచుకోండి."
"నొక్కులు మీ తాతగారివి" అన్నాను.
"గాట్లు మీవాళ్ళవి" అన్నారు,
చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

చెక్క బల్ల మీదే ఉంది.
పోటు ఎక్కుతోంది.
కొత్త పడవకి ఎడమ పక్క
ఇంకా మూడు ఎముకలు బాకీ.